నార్మండీ పల్లెలో ఓడల యజమాని ఇల్లు: ఫ్రెంచి మన్వార్‌ను చదవడం ఎలా

ఫ్రెంచివారి ‘మన్వార్’ను తెలుగులోకి తేవాలంటే కలం కాసేపు ఆగుతుంది. కోట అందామంటే ఫిరంగులకు తట్టుకునే ప్రాకారం లేదు. భవంతి అందామంటే పక్కనే గొడ్ల చావడి, ధాన్యపు కొట్టు, ఆపిల్ పళ్లు పిండే గానుగ కనిపిస్తాయి. గడీ కొంత దగ్గరగా వస్తుంది. ఊరి మీద పెత్తనం, భూమి మీద హక్కు, ఎత్తైన గోడ, ఏనుగు దూరేంత తలుపు అందులోనూ ఉన్నాయి. మాట పుట్టుకను బట్టి చూస్తే మాత్రం ‘మకాం’ అన్నదే సరిగ్గా అతుకుతుందని నాకనిపిస్తుంది. లాటిన్‌లో ‘మనేరే’ అంటే ఉండడం, నిలవడం. పాత ఫ్రెంచిలో అది ‘మన్వార్’ అనే క్రియ అయింది, ఆ క్రియే తర్వాత ఇంటి పేరుగా స్థిరపడింది. ప్రభువు తన భూమి మీద తాను మకాం పెట్టే చోటు మన్వార్.

ఇవాళ ఫ్రాన్స్‌లో ఇళ్లు అమ్మిపెట్టేవారు ఈ మాటను ధారాళంగా వాడేస్తున్నారు. నిన్నమొన్నటి ఇంటికి ఒక గుండ్రటి గది, పాతకాలపు పొయ్యి ఉంటే చాలు, అదీ మన్వారే. దాంతో చిన్న షాటోను, అంటే కోటలాంటి పెద్ద భవనాన్ని, మన్వార్ అంటారనీ, పెద్ద మన్వార్‌ను షాటో అంటారనీ ఒక అభిప్రాయం పాతుకుపోయింది. కొలతలతో ఈ ముడి విడిపోదు. ఫ్రాన్స్ వాయవ్య ప్రాంతమైన నార్మండీలో కొన్ని మన్వార్లు షాటోలకంటే విశాలంగా ఉంటాయి. చూడవలసింది ఆ ఇంటి యజమానికి చట్టం ఏమేం కట్టుకోనిచ్చిందన్నది. మన కంటికి అలంకారంగా కనబడే బురుజు, కందకం, పావురాల గోపురం, జోడు తలుపులు ఒకప్పుడు ఒక్కొక్కటీ ఒక్కో హక్కు పత్రం. అలా చదివితేనే ఆ ఇల్లు అర్థమవుతుంది.

హక్కు ముందు, గోడ తర్వాత

మధ్యయుగపు ఫ్రాన్స్‌లో మామూలు రైతు భూమి వేరు, జాగీరు వేరు. రాజుకో పై ప్రభువుకో విధేయత ప్రకటించి, యుద్ధంలో సేవ చేస్తానని మాటిచ్చి పొందే భూమిని ఫీఫ్ అనేవారు. దానితో పాటు రైతుల నుంచి శిస్తు వసూలు, చిన్న తగాదాల్లో తీర్పు, వేట, చాలాచోట్ల పిండిమర మీద గుత్తాధిపత్యం దక్కేవి. ఈ హక్కులన్నీ నడిచే కచేరీ మన్వార్. శిస్తు కట్టడానికి రైతు వచ్చేది ఇక్కడికే. తీర్పు కోసం టోపీ చేతపట్టుకుని నిలబడేదీ ఇక్కడే.

కోట కట్టడానికి జాగీరు ఒక్కటే చాలదు. యుద్ధానికి పనికొచ్చే బురుజులు లేపాలంటే పై ప్రభువు ఒప్పుకోవాలి. కోట ఉన్నవాడు రేపు ఎదురుతిరిగితే లొంగదీయడం కష్టం కదా. అందుకని చిన్న ప్రభువు కోట పోలికలను మాత్రం అరువు తెచ్చుకున్నాడు. శత్రువును ఆపలేకపోయినా దొంగను ఆపే కందకం తవ్వించాడు. అందులో చేపలు పెరిగేవి, బురద నేలలోని నీరూ అందులోకే దిగేది. మెట్ల కోసం ఒక సన్నని గోపురం లేపాడు, దూరం నుంచి చూసేవారికి అది బురుజులాగే కనిపించేది.

ఈ హంగు వెనుక డబ్బు లెక్క కూడా ఉంది. ఉత్తర ఫ్రాన్స్‌లో అప్పట్లో కులీనుడికి ‘తాయ్’ అనే పన్ను ఉండేది కాదు, అది సామాన్యుడి నెత్తినే పడేది. కాబట్టి కులీనుడినని చెప్పుకోవడానికి ఎంతోమంది ఆశపడ్డారు. 1463లో 11వ లూయీ రాజు తరఫున రేమాన్ మోంఫో అనే అధికారి నార్మండీలో తిరిగి, ఎవరిది అసలు కులీనత, ఎవరిది నకిలీ అని జాబితాలు రాశాడు. ఏడేళ్లు తిరిగేసరికి, 1470లో, అదే రాజు నార్మండీలో జాగీర్లు చేజిక్కించుకున్న సామాన్యులను సొమ్ము తీసుకుని కులీనులుగా గుర్తించాడు. తలుపు ఒకవైపు మూసి మరోవైపు తెరిచినట్టయింది. ఇలాంటి విచారణల్లో ‘ఈ కుటుంబం కులీనుల్లా బతుకుతోందా?’ అన్నది పెద్ద ప్రశ్న. ఊరివాళ్లు సాక్ష్యం చెప్పాలి. అప్పుడు ఇల్లు కూడా ఒక సాక్షే.

అదే సమయంలో ఇంకో మార్పు జరిగింది. ఫ్రాన్స్, ఇంగ్లండుల మధ్య సాగిన వందేళ్ల యుద్ధం 1453లో ముగిసింది. ఇంగ్లండు సేనలు నార్మండీ నుంచి అంతకు మూడేళ్ల ముందే వెళ్లిపోయాయి. పొలాలు బీడుపడ్డాయి, పాత ఇళ్లు కాలిపోయాయి. శాంతి వచ్చాక జనం పెరిగారు, శిస్తు రావడం మొదలైంది, చేతిలో డబ్బు ఆడింది. పైగా ఫిరంగుల కాలంలో ఎత్తైన సన్నని గోడలకు రక్షణ విలువ పోయింది. ఎలాగూ ఆపలేని గోడకు కిటికీ పెట్టుకుంటే ఇంట్లోకి వెలుతురైనా వస్తుంది. ఈ రోజు నార్మండీలో మనం చూసే మంచి మన్వార్లలో చాలా భాగం 1450 తర్వాతి నూరేళ్లలో కట్టినవే.

గోడ లోపల

ఒక మామూలు మన్వార్‌లోకి నడిచి వెళ్దాం. ద్వారంలో రెండు తలుపులు పక్కపక్కనే ఉంటాయి. ఒకటి బండి పట్టేది, రెండోది మనిషి పట్టేది. లోపల పెద్ద ఆవరణ. చుట్టూ ధాన్యపు కొట్టు, గుర్రాలశాల, రొట్టెల పొయ్యి, ఆపిల్ గానుగ ఉంటాయి. ఆవరణకు ఎదురుగా ప్రభువు ఇల్లు ఉంటుంది. దాని మందం చాలాసార్లు ఒక్క గదే. ఒకదాని పక్కన ఒకటి గదులు పేర్చుకుంటూ పోతారు తప్ప వెనక వరస ఉండదు. అందువల్ల ప్రతి గదికీ రెండువైపులా వెలుతురు అందుతుంది. ఒకవైపు కిటికీలోంచి ఆవరణలో పనివాళ్లనూ, ఇంకోవైపు నుంచి తోటనూ చూడవచ్చు.

అన్నిటికన్నా పెద్ద గది ‘సాల్’. భోజనం, పంచాయితీ, విందు అన్నీ అక్కడే జరిగేవి. అందులోని పొయ్యి మనిషి నిలబడేంత ఎత్తుంటుంది. సాల్ నుంచి పడక గదికి చేర్చేవి చుట్టు మెట్లు. వీటి పనితనం దగ్గరగా చూడవలసినదే. మెట్టుకు ఒక్కటే రాయి. రాయి వెడల్పాటి కొస గోపురం గోడలో దిగుతుంది. సన్నని కొసను మేస్త్రీ గుండ్రని బిళ్లగా చెక్కుతాడు. ఆ బిళ్ల మీద పై మెట్టు బిళ్ల, దాని మీద ఇంకొకటి. అలా పేర్చుకుంటూ పోతే నడిమి స్తంభం దానంతటదే లేస్తుంది. విడిగా స్తంభం కట్టే పనే లేదు. గోపురం చివరన మెట్లు అయిపోయాక ఒక చిన్న గది మిగులుతుంది. దస్తావేజులు దాచుకోవడానికి, ఒంటరిగా కూర్చుని లెక్కలు రాసుకోవడానికి అంతకంటే భద్రమైన చోటు ఆ ఇంట్లో ఉండదు.

ఈ పథకం ఊరూరా దాదాపు ఒకటే, మారేది ఒళ్లు. ఓజ్ ప్రాంతంలో బంకమట్టి, ఓక్ చెట్లు ఎక్కువ గనుక కూప్‌సార్త్ మన్వార్ కలపతో లేచింది. దూలాల మధ్య ఖాళీలను ఇటుక ముక్కలతో నింపారు, మూడువైపులా నీరు. పెర్ష్ ప్రాంతంలోని కూర్‌బ్వాయే మన్వార్ తెల్లని సున్నపురాయితో కట్టింది. పక్క ప్రాంతమైన బ్రిటనీకి వెళితే అదంతా నల్లరాతి గ్రానైటు. ఎక్కడి నేల ఏమిస్తే అక్కడి ఇల్లు అలా ఉంటుంది.

ఓడల మీద వచ్చిన సొమ్ము

ఇంతవరకు చెప్పినదంతా ఒకేచోట చూపించే ఇల్లు ఒకటుంది. ఇంగ్లిష్ చానెల్ ఒడ్డున దియెప్ రేవుకు పడమరగా, సుద్ద కొండల అంచున వరాంజ్‌విల్ అనే ఊరు. అక్కడ 1530ల నుంచి 1540ల మొదటి సంవత్సరాల దాకా జాన్ ఆంగో కట్టించిన మన్వార్. నాకు ఇది ఇష్టం కావడానికి కారణం కట్టించినవాడి కథ గోడల మీద ఏమీ దాచకుండా కనిపించడమే.

ఆంగో కత్తిపట్టి యుద్ధం చేసిన వంశంవాడు కాడు. దియెప్‌లో ఓడల యజమాని. అతని ఓడలు బ్రెజిల్ తీరం నుంచి ఎర్రరంగునిచ్చే చెక్క తెచ్చేవి, ఆఫ్రికా గినీ తీరానికి వెళ్లేవి. 1529లో పార్మంతియే సోదరులు అతని ఓడల మీద మిరియాల కోసం హిందూ మహాసముద్రం దాటి సుమత్రా చేరారు. ఇద్దరూ అక్కడే కన్నుమూశారు. కానీ అతని సంపదలో పెద్ద వాటా వర్తకం నుంచి రాలేదు. మీ ఓడను ఫలానా దేశంవాడు దోచుకున్నాడని నిరూపిస్తే, ఆ దేశపు ఓడల మీద పడి నష్టం రాబట్టుకోవడానికి రాజు పత్రం ఇచ్చేవాడు. దోపిడీకి ముద్ర వేసిన అనుమతి అది. 1520ల తొలినాళ్లలో ఆంగో కింద పనిచేసిన జాన్ ఫ్లరీ అనే కెప్టెన్, మెక్సికో నుంచి స్పెయిన్ సేనాని కోర్తెస్ తన చక్రవర్తికి పంపుతున్న నిధిని సముద్రం మీదే పట్టుకున్నాడు. మెక్సికోను ఏలిన ఆజ్‌టెక్ రాజుల బంగారం దియెప్ రేవులో దిగింది. కొన్నేళ్లకు ఫ్లరీ స్పెయిన్‌వారికి చిక్కి 1527లో మరణశిక్షకు గురయ్యాడు. ఆంగో మాత్రం దియెప్‌కు గవర్నరు అయ్యాడు, మొదటి ఫ్రాన్సువా రాజుకే ఆతిథ్యమిచ్చాడు. ఈ ఇంటి అందం గురించి రాసేటప్పుడు ఆ బంగారాన్ని పక్కన పెట్టడం న్యాయం కాదు. దోచిన సరుకు నీడ ఆ గోడల మీద ఉంది.

దియెప్‌లో ఆంగోకు చెక్కతో కట్టిన మరో భవనం ఉండేది. 1694లో ఇంగ్లిష్, డచ్ నౌకలు పట్నం మీద బాంబులు కురిపించినప్పుడు అది కాలిపోయింది. రాతితో కట్టిన పల్లె ఇల్లే మిగిలింది.

ఆ ఇల్లు పాత మన్వార్ పథకాన్ని దాటలేదు. నాలుగువైపులా కట్టడాలు, నడుమ విశాలమైన ఆవరణ, గోడలోపలే పొలం పనుల గదులు. అయితే ఒకవైపు నేల అంతస్తులో వరసగా తీర్చిన కమానులతో తెరిచిన వసారా కనబడుతుంది. అది ఇటలీ పద్ధతి. 1494లో 8వ చార్లెస్ ఇటలీ మీదికి దండెత్తినప్పటి నుంచి ఫ్రెంచి రాజులు అక్కడి కట్టడాలకు మనసిచ్చారు, పనివాళ్లను వెంట తెచ్చుకున్నారు. ఫ్లోరెన్స్ ఎండకు నీడనివ్వడానికి పుట్టిన వసారా నార్మండీ జల్లుల్లో ఏం పని చేస్తుంది? ఎండ తక్కువే కావచ్చు, కానీ రాజు ఇంటి రుచి తనకూ తెలుసునని ఊరికి చెబుతుంది. ఆంగోకు కావలసిందీ అదే.

గోడ దగ్గరికి వెళితే అసలు పనితనం కనిపిస్తుంది. కింద సముద్రపు సుద్ద కొండల్లో చెకుముకి రాళ్లు వరసలు వరసలుగా పొదిగి ఉంటాయి. పైన తెల్లని తొక్క, పగలగొడితే లోపల నల్లగా, గాజులా నిగనిగలాడే ముఖం. ఈ రాయి ఎంత గట్టిదో అంత మొండిది. సరైన మూలకోణంలో విరగదు, నీరు పీల్చుకోదు, కాబట్టి సున్నాన్ని గట్టిగా పట్టుకోదు. ఒక్క చెకుముకితోనే గోడ లేపితే మూలలు నిలబడవు, ముఖం బుగ్గలా ఉబ్బి ఊడిపోతుంది. అందుకే మూలలకూ కిటికీల అంచులకూ ఇసుకరాయి వాడారు, మధ్యమధ్యలో ఇటుక వరసలు పెట్టి గోడను కుట్టినట్టు బిగించారు. నలుపు, ఎరుపు, లేతగోధుమ రంగుల గళ్లూ చారలూ చూసి ఇది కేవలం నేత చీర అంచులాంటి సొగసు అనుకుంటాం. ఆ సొగసు పుట్టింది రాయి మొండితనాన్ని లొంగదీసే ఉపాయంలోంచి. ఆ తర్వాత మేస్త్రీలకు ఆ ఆట నచ్చింది, ఎంత అవసరమో అంతకు మించి ఆడారు.

పావురాల గోపురం

ఆ ఆట పతాకస్థాయికి చేరింది ఆవరణ నడుమ నిలిచిన గుండ్రటి కట్టడంలో. తలమీద ఉల్లిగడ్డలా ఉబ్బిన పైకప్పు, ఒంటి నిండా ఇటుక, చెకుముకి, రాయి కలిపి అల్లిన నమూనాలు. ప్రార్థనా స్థలమేమో అనుకుంటారు కొత్తవాళ్లు. అది పావురాల గూడు. ఫ్రెంచిలో కొలొంబియే. లోపలి గోడలో సుమారు 1600 గూళ్లు, ఒక్కో గూటిలో ఒక్కో జంట.

లోపలి ఏర్పాటు తెలివైనది. నార్మండీ కొలొంబియేల్లో గోపురం నడుమ ఒక నిలువు మాను, దానికి చేతుల్లా అమర్చిన కొయ్యలు, వాటికి ఒక నిచ్చెన ఉంటాయి. మాను తిరుగుతుంది, దాంతో నిచ్చెన గోడ వెంట తిరుగుతుంది. పనివాడు నిచ్చెన మీద ఉండగానే చేత్తో గోడను తోస్తూ ఒక గూటి నుంచి ఇంకో గూటికి చేరుతాడు, దిగి మళ్లీ ఎక్కే పనిలేదు. బయట గోడ చుట్టూ ఒక రాతి అంచు ముందుకు పొడుచుకు వస్తుంది. ఎలుకలు, ముంగిసను పోలిన చిన్న వేటజంతువులు పాకుకుంటూ వచ్చి ఆ అంచు దగ్గర జారి కింద పడతాయి. ఎగరడం మొదలుపెట్టకముందు, నాలుగు వారాల వయసులో పిల్లలను వంటకు తీసేవారు. తాజా మాంసం కరువైన రోజుల్లో అది భాగ్యం. కింద పేరుకున్న రెట్ట ఇంకా విలువైనది. అవిసె, జనుము పంటలకు అంతకంటే బలమైన ఎరువు అప్పట్లో లేదు.

మరి ఇంతటి లాభసాటి పని ఊరంతా ఎందుకు చెయ్యలేదు? చెయ్యనివ్వలేదు. నార్మండీ ఆచార చట్టంలో కొలొంబియే కట్టే హక్కు జాగీరుకు చెందినది. జాగీరు పంచుకున్నా ఆ హక్కు వారసుల్లో ఒక్కరికే ఉండిపోతుంది, మిగతావారికి లేదు. ఎత్తైన గోపురం ఉన్నదంటే దాని వెనుక నిజమైన జాగీరు ఉన్నట్టే. కాబట్టి ఆంగోలాంటి కొత్త ప్రభువు తన పావురాల గూటిని ఆవరణ నడుమ, అందరికీ కనబడేలా, తన ఇంటికంటే అందంగా ఎందుకు కట్టాడన్నది అర్థమవుతుంది. అక్కడ నిలిచింది రాయితో రాసిన జాగీరు పట్టా.

ఇప్పుడు గోడ బయట నిలబడి చూద్దాం. 1600 జంటల పావురాలు తిండి ఎక్కడ తింటాయి? ప్రభువు పొలంలో ఒక్కటే కాదు, విత్తనాలు చల్లిన ప్రతి రైతు చేలోనూ వాలతాయి. తన గింజలు తింటున్న పక్షిని చంపితే రైతుకు శిక్ష. ప్రభువుకు మాంసమూ ఎరువూ, రైతుకు ఖాళీ చేను. రెండున్నర శతాబ్దాల తర్వాత, 1789 వసంతంలో, ఊరూరా జనం రాజుకు పంపిన ఫిర్యాదుల పత్రాల్లో ఈ పావురాలు మళ్లీ మళ్లీ కనిపిస్తాయి. మొదట చదివినప్పుడు నాకు ఆశ్చర్యమేసింది. దేశం తలకిందులవుతున్న వేళ పావురాల గొడవేమిటని. విత్తనం చల్లి, అది మొలకెత్తకముందే పక్షుల పాలవుతుంటే చూస్తూ ఊరుకోవలసిన మనిషికి అంతకంటే పెద్ద గొడవ ఏముంటుంది?

ఆ ఏడాది ఆగస్టు 4 రాత్రి జాతీయ సభ ప్రభువుల ప్రత్యేక హక్కులను రద్దు చేసింది. ఆ వారంలో రాసిన శాసనంలో రెండో అధికరణమే పావురాలది. కొలొంబియే మీద ప్రత్యేక హక్కు పోయింది. గ్రామాలు నిర్ణయించిన రోజుల్లో పావురాలను మూసి ఉంచాలి. ఆ రోజుల్లో బయట తిరిగితే వాటిని వేట పక్షులుగా చూస్తారు, ఎవరి నేల మీద వాలితే వారు చంపుకోవచ్చు. వేట హక్కు సంగతి దాని తర్వాతి అధికరణంలో వచ్చింది.

మిగిలినది

ఆంగో ఇవేవీ చూడలేదు. తన పెట్టుబడి అంతా రాజుతో స్నేహం మీదే ఉంచాడు. మొదటి ఫ్రాన్సువా 1547లో మరణించాక ఆ రక్షణ పోయింది. రాజ్యానికి ఇచ్చిన అప్పులు తిరిగి రాలేదు, భాగస్వాములు కోర్టుకెక్కారు. 1551లో ఆర్థికంగా చితికిపోయి కన్నుమూశాడు. దియెప్‌లోని సెయింట్ జాక్ చర్చిలో అతని పేరుతో గుర్తున్న భాగం ఉంది. అదే చర్చిలో ఒక రాతి పట్టీ మీద బ్రెజిల్, ఆఫ్రికా, హిందూ మహాసముద్ర తీరాల మనుషుల ఊరేగింపు చెక్కి ఉంది. ఆ ఓడలు ఎక్కడెక్కడికి వెళ్లాయో చెప్పే బొమ్మల పుస్తకం అది.

మన్వార్ల కథ తర్వాత నెమ్మదిగా నడిచింది. ధనవంతులైన ప్రభువులు రాజు కొలువున్న వెర్సాయ్‌కీ పట్నాలకూ వెళ్లారు, ఇళ్లు కౌలుదారుల చేతికి వచ్చాయి. విప్లవంతో హక్కులు పోయాయి, ఆ హక్కులను చాటిన గోపురాలకు అర్థమూ పోయింది. 1798లో తలుపులూ కిటికీల మీద పన్ను వేశారు, అది 1926 దాకా సాగింది. ఎన్నో ఇళ్లలో కిటికీలను ఇటుకలతో మూసేశారు. ఆ మచ్చలు ఇప్పటికీ గోడల మీద కనిపిస్తాయి. సాల్‌లో ఆపిల్ పీపాలు, పైగదిలో గడ్డి మోపులు చేరాయి. నా దృష్టిలో ఇదే ఎన్నో మన్వార్లను బతికించింది. కౌలు రైతుకు కొత్త హంగులకోసం పాత గోడలు పడగొట్టే డబ్బు లేదు, కురిసే పైకప్పును మాత్రం కప్పుకోక తప్పదు, కింద ధాన్యముంది.

ఆంగో మన్వార్ కూడా చాలాకాలం పొలం ఇల్లుగానే గడిచింది. 1927 ఆగస్టులో కవి ఆంద్రే బ్రెటన్ ఇక్కడ బస చేసి రచన సాగించాడు. చారిత్రక కట్టడాలను కాపాడే ఫ్రాన్స్ చట్టం 1913 నాటిది. దాని కింద గుర్తింపు పొందిన ఇంట్లో కిటికీ మార్చాలన్నా ప్రభుత్వ అనుమతి కావాలి. యజమానులు దీన్ని బరువుగా భావిస్తారు, అందులో నిజముంది. అయినా ఆ బరువు ఎందుకో గోడ మరమ్మతు చూస్తే తెలుస్తుంది. 20వ శతాబ్దంలో చాలాచోట్ల చెకుముకి గోడల సందుల్లో సిమెంటు కూరారు. చెకుముకి తేమ పీల్చదు, వదలదు. గోడలో చేరిన నీరు బయటికి రావడానికి సున్నపు సందులే దారి. సిమెంటు ఆ దారి మూసేస్తుంది. నీరు లోపలే నిలిచి, శీతాకాలంలో గడ్డకట్టి, వ్యాకోచించి, నాలుగైదు వందల ఏళ్లు కదలని రాళ్లను ఒక్కొక్కటిగా బయటికి నెడుతుంది. ఇప్పుడు పనివాళ్లు ఉలితో ఆ సిమెంటును అంగుళం అంగుళం తొలిచి, సున్నమూ ఇసుకా కలిపిన పాత ముద్దను మళ్లీ కూరుతున్నారు. ఆ సున్నం గట్టిపడడానికి నెలలు పడుతుంది, పచ్చిగా ఉండగా మంచు తగిలితే పొడి రాలిపోతుంది. అందుకే నార్మండీ మేస్త్రీలు ఈ పనిని వసంతంలో మొదలుపెట్టి, తొలి మంచుకు చాలా ముందే నిచ్చెనలు దించేస్తారు.